డోనా హొనొరాటా పద్యాల తీగ

మా కషోయిరా ఊళ్లో డోనా హొనొరాటా నలభై ఏళ్లు చుట్టలు చుట్టింది. మనుషుల్ని అమ్మే కాలంలో ఆ అమ్మకాన్ని ఎదిరించిన కవులు స్వయంగా రాసి, సంతకం పెట్టిన పద్యాలను ఆ చేతులతోనే పోగుచేసింది. మొత్తం పద్దెనిమిది కాగితాలు. ఏటా మే పదమూడున, బానిసత్వం రద్దైన పండగనాడు, వాటిని వసారాలో తీగకు బట్టల క్లిప్పులతో తగిలిస్తుంది. కాగితం నలక్కుండా క్లిప్పుకింద గుడ్డపీలిక పెడుతుంది. వీధినపోయే వాళ్లెవరైనా వచ్చి చదువుకోవచ్చు.

పందొమ్మిదోది పెద్దాయన బెలర్మీనో ఇంట్లో ఉండేది. ఆయన ముత్తాతకు మందులకొట్టు నడిపే ఒక కవి రాసిచ్చిన పద్యం. ఆవిడ పదకొండేళ్లు అడగ్గా అడగ్గా ముసలాయన మెత్తబడ్డాడు.

"నెల్లాళ్లు ఉంచుకో. పండగనాడు వచ్చి చూస్తా. భద్రంగా ఉంటే నీదే."

ఆ పండగ మధ్యాహ్నం, సాయం చేద్దామని వెళ్లాను. అంతకుముందే బజార్లో అకరజె తిన్నాను. అలసందల వడలే, కానీ ఎర్ర పామాయిల్లో వేగినవి. చెయ్యి తుడుచుకున్నాననే అనుకుని, తగిలించడానికి పందొమ్మిదో కాగితం అందుకున్నాను.

"తెయొడోరూ, కవిగారి సంతకం పక్కన ఆ సూర్యుడెవరు?"

చూద్దును కదా, నా బొటనవేలు! ఆ నూనె మరక చొక్కాకి అంటితేనే పోదు.

"క్లిప్పు దానిమీదే పెట్టేద్దాం డోనా! ఆయనకి చూపూ అంతంతమాత్రమే."

"నీకెలాగూ సిగ్గులేదు, నా సిగ్గు కూడా తినేస్తావా?"

ఏ కాగితం ఎవరి చేతుల్లోంచి వచ్చిందో రాసుకునే నోటుపుస్తకం తీసి, ఆవిడ ఏదో రాసింది.

బెలర్మీనో వచ్చాడు. ఆవిడే మరక చూపించి, పుస్తకం చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాడు.

"మరక: ఎదురింటి తెయొడోరు. వడ తిన్న చెయ్యి."

వీధంతా నవ్వింది. నేను స్తంభం చాటుకి జరిగాను. ఆయన నవ్వలేదు.

"ఇలా రావయ్యా, వడల దొరా. అసలు పద్యం చదివావా, తడిమావా?"

"చదివానండీ. 'మనిషికి వెల కట్టిన చేతికి తన చెయ్యే బరువు'..." చివరిదాకా అప్పజెప్పాను.

ఆయన పుస్తకం ఆవిడకి తిరిగిచ్చేశాడు.

"నా చేతికొచ్చాకే పెట్టెలో అరవై ఏళ్లుంది. ఒక్క మరకా పడలేదు. ఒక్కడూ చదవలేదు. ఉంచుకో హొనొరాటా."

ఇప్పుడు వచ్చినవాళ్లందరూ కవి సంతకం కంటే ముందు నా వేలిముద్రే వెతుకుతారు. ఏటా ఆ పండగనాడు నాకో ఉద్యోగం కూడా ఉంది. తడిగుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతివాళ్ల చేతులూ తుడుస్తాను. ముందు నా చేతులు ఆవిడ తుడుస్తుంది.