మదీనాగూడకు జనరల్ వచ్చాడు

మా మేనమామ లింగమూర్తి కాళ్లు ఇంకా ఆడుతుండగానే ఫుట్‌బాల్ ఆట మానినవాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. తప్పంతా ఒక్క మాటది. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కూకట్‌పల్లి బాటన ఒక గాజు కార్ఖానా ఉండేది. దాని సేటుకు ఫుట్‌బాల్ పిచ్చి. ఆటగాళ్లకు నెలజీతమిచ్చి, కార్ఖానా పని చెప్పకుండా ఆటే పనిగా పెట్టుకోమనేవాడు. మామ ఆ జట్టులో బ్యాక్. ఆయన్ని దాటి బంతి గోలు దాకా వెళ్లిందంటే అది పెట్టి పుట్టిన బంతని ఆయన ఊరు మదీనాగూడలో అనుకునేవారు. పోలీసు యాక్షన్ అయిన కొన్నాళ్లకు పాత మేనేజరు నౌకరీ వదిలి సొంతూరు వెళ్లిపోయాడు. సేటు మామను పిలిచి, కొత్త మనిషి వచ్చేదాకా జర నువ్వే సంభాలించు అన్నాడు. మేనేజరుగా పేరున్నవాడు మైదానంలోకి దిగకూడదని లీగు వాళ్ల కట్టడి. జర అంటే కాస్త అనే కదా, నాలుగు రోజుల ముచ్చటేనని మామ తలూపాడు. జర అంటే ఎంతో హైదరాబాదులో ఎవరికి తెలుసు గనక!

అప్పటికే మామ మోకాళ్లు మొరాయించడం మొదలుపెట్టాయి. ఇంకొక్క సీజను ఆడగలనని ఆయనకు తెలుసు. రెండోది ఆడలేనని కూడా తెలుసు. ఆ ఒక్కటీ చేజారకూడదన్నదే ఆయన ఆరాటమంతా.

ఆలోగా సేటు బొంబాయి వెళ్లి, ఏదో మిల్లులో ఒక తలుపు మీద ‘జనరల్ మేనేజర్’ అన్న బోర్డు చూసి వచ్చాడు. ఇక ఉత్త మేనేజరు ఆయన కంటికి ఆనలేదు. మన జట్టుకూ జనరల్ మేనేజరే కావాలని ఊరూరా చెప్పించాడు. అప్పుడు మన నెత్తిన ఉన్నది మిలిటరీ సర్కారు. దానికి పెద్ద ఒక జనరల్. పల్లెల్లో జనరల్ అంటే ఆయనొక్కడే, రెండోవాడు లేడు. బొల్లారం నుంచి ఒక ముసలి ఫౌజీ వచ్చి, జనరల్ గారి గుర్రాలెక్కడని అడిగాడు. తర్వాత వచ్చిన వకీలు ఎండలో నిలబడనన్నాడు. ఇంకొకాయన అందరికీ నచ్చాడు గానీ, ఆయన మీసం సేటుకు నచ్చలేదు. మనిషి వస్తున్నాడన్న ప్రతిసారీ మామ బూట్లకు నూనె రాసుకునేవాడు. అవి ప్రతిసారీ ప్రహరీ మీద ఎండేవి. ఉత్త మేనేజరు చాలదా సేటూ అని ఆయన మొత్తుకుంటే, జర ఆగవయ్యా అని సేటు నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే తల గోడకేసి కొట్టుకోవాలనిపించేదట.

చివరికి రామచంద్రం దొరికాడు. సికింద్రాబాద్‌లో ఒక బడిలో డ్రిల్లు మాస్టరు. ఆట తెలిసినవాడు, మీసం కూడా లేదు. సేటు సంబరపడి, మదీనాగూడ వెళ్లి లింగమూర్తిని కలిసి మాట్లాడుకో, మీ ఇద్దరికీ కుదిరితే నౌకరీ నీదే అన్నాడు. వస్తున్నాడని మామకు కబురు పెట్టాలన్న సంగతి మాత్రం మరిచిపోయాడు.

ఆ రోజు మామ రాయదుర్గం వెళ్లాడు. పోచయ్య అనే ఆటగాడు బర్రె ఈనిందని ఆటకు రావడం మానేస్తే, వాడిని బతిమాలి తేవడానికి. ఇక్కడ రామచంద్రం మాస్టరు ఖాకీ నిక్కరు, ఖాకీ చొక్కా, చంకలో కర్రతో బస్సు దిగాడు. కల్లు కాంపౌండు ముందు నిలబడి, జనరల్ మేనేజర్ పని మీద వచ్చాను, లింగమూర్తి ఇల్లెక్కడ అని అడిగాడు. ఖాకీ బట్టల మనిషి వచ్చి పేరు పెట్టి అడిగాడంటే అది మంచికి కాదని జనం వణికే రోజులవి. పైగా జనరల్ పని మీదనట. గీత కార్మికుడు ఐలయ్య కల్లు లొట్టి దించి, ఆ పేరు గలవాళ్లు ఈ చుట్టుపక్కలే లేరన్నాడు. అక్కడున్న వాళ్లంతా తలలూపారు.

మాస్టరు తిరిగి తిరిగి, దప్పికై ఆగింది సరిగ్గా మామ ఇంటి ముందే. కిష్టమ్మత్త చెంబుతో నీళ్లిచ్చింది. లింగమూర్తి అనే మనిషి లేనే లేడంది. ప్రహరీ మీది బూట్లెవరివని ఆయన అడిగితే, ఏ కుక్క తెచ్చి పడేసిందో అంది. మరి నీ పెనిమిటి పేరేమిటమ్మా అన్నాడు. మొగుడి పేరు నోటితో పలకని కాలం. అత్త తల వంచుకుంది. ఆ ఆచారం ఎరిగినవాడే గనక ఆయనా రెట్టించలేదు.

సాయంత్రం మామ రాగానే అత్త అంతా చెప్పింది. జనరల్ మనిషి అన్నంతలో మామకు విషయం అర్థమైంది.

“నిన్ను పట్కపోతరనుకున్న,” అంది అత్త. “నేను బతికుండంగ సూపిస్తనా?”

ఏమని తిడతాడు? ఊరంతా కలిసి, ప్రాణంగా చూసుకుని, ఆయన కొంప ముంచింది. ఎవరి మీద అరవాలో తెలియక, తిండి కూడా తినకుండా పడుకున్నాడు. పొద్దున్నే సేటు దగ్గరికి పరుగెత్తాడు. మాస్టరు అప్పటికే వచ్చి, లేని మనిషి కోసం నన్ను ఊరంతా తిప్పుతారా అని సేటును కడిగేసి, సికింద్రాబాద్ జట్టుకు మాట ఇచ్చేశాడట. సేటు అవమానంతో ఊగిపోతున్నాడు. ఇక వెతకడం బంద్, నువ్వే ఉండు అన్నాడు. ఈసారి జర అనలేదు.

ఆ సీజను మొదటి ఆట సికింద్రాబాద్ జట్టుతోనే పడింది. కొత్త బ్యాక్ సాయిలు మామ బూట్లే తొడుక్కుని మైదానంలోకి దిగాడు. మామ గీత బయట నిలబడ్డాడు. అవతలి మేనేజరు వచ్చి చెయ్యి కలిపి పేరడిగాడు. మామ చెప్పాడు. రామచంద్రం మాస్టరు చెయ్యి వదలకుండా అలాగే చూశాడు.

“లింగమూర్తా? ఆ పేరుగల మనిషే లేడన్నారే మీ ఊళ్లో?”

మామ మైదానం వైపు చూశాడు.

“నిజమే చెప్పిన్రు సార్,” అన్నాడు. “గాయిన బ్యాకుల ఆడేటోడు. ఇప్పుడు లేడు.”