శుద్ధ కోసా, నా అగ్గిపుల్ల

అప్పటికే అగ్గిపుల్ల గీసేశాను. ఎడమచేతిలో కోసా పట్టుచీర కుచ్చులోంచి పీకిన పోగు. ఎదురుగా పెళ్లికూతురి తల్లి. గల్లాపెట్టె వెనకాల గుడ్లు తేలేసిన సేఠ్. ఇప్పుడు వెనక్కి తగ్గితే పట్టుపురుగుల ఆత్మలు నన్ను క్షమించవని నా గట్టి నమ్మకం. ఆ రోజుల్లో నాకు నమ్మకాలకేం కొదవ? బుర్రకే కొదవ.

ఆ రోజులంటే, ఫోనులో ఒక వీడియో చూసి నేను వీగన్‌నైపోయిన రోజులు. పాలు, పెరుగు మానేస్తే చాలదట. తోలు చెప్పులు, ఊలు స్వెట్టరు, ముత్యాలు, లక్కగాజులు, పట్టు, ఏ ప్రాణి నుంచి వచ్చిందీ ఒంటిమీద ఉండకూడదట. అన్నీ వదిలేశాను. పనిలో పనిగా నాన్న తోలు బెల్టు కూడా దాచేశాను (ఆయన రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపుకి ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని వెళ్లారు, పాపం). మా అమ్మది విజయనగరం పక్క. “ఏటే, వీగనంటే ఏ మతవే? ఉన్న మతం చాల్లేదా నీకు? తండ్రి వ్యాగన్లు బాగుసేస్తంటే కూతురు వీగనైపోనాదట! పాగల్‌దానా, పట్టు కట్టని ఆడపిల్లని ఏ పేరంటానికి పిలుస్తారే?” అని రోజూ ఒకసారి ఏడ్చేది.

ఇంత దయగల తల్లిని, నేను చేసే ఉద్యోగం ఏమిటంటారా? రాయ్‌పూర్‌ గుఢియారీ బజారులో పట్టుచీరల దుకాణంలో సేల్స్‌గర్ల్‌ని. (నవ్వండి, ఫరవాలేదు.) కోసా అంటే మా ఛత్తీస్‌గఢ్ పట్టు. గూట్లో పురుగుండగానే ఉడకబెట్టి దారం తీస్తారు. పొద్దుటినుంచి రాత్రిదాకా వాటి శవాలు మడతలు పెట్టి, ఇంటికొచ్చి టీలో పాలెందుకు పోశావని అమ్మతో పోట్లాడేదాన్ని. దుకాణంలో ఊరుకున్నానా? చీర చూపిస్తూ పురుగు కథ చెప్పేదాన్ని. కొనేవాళ్లు దండం పెట్టి వెళ్లిపోయేవారు. సేఠ్ ముందురోజే తన హిందీలో తేల్చేశాడు: “బేటీ, ఇంకొక్క భాషణ్ ఇచ్చావంటే రేపట్నించి ఛుట్టీ.” ఆ ఉద్యోగం పోతే మళ్లీ ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని అప్పడాలు ఒత్తడమే. పదో తరగతితో చదువాపేసినదాన్ని, నా కోసం ఇంకో దుకాణం తలుపు తెరుచుకుని కూర్చోలేదు. అందుకని నోరు కుట్టేసుకుందామనే అనుకున్నాను, నిజంగా.

సరిగ్గా అప్పుడే రైల్వే ఆసుపత్రి నర్సాంటీ వచ్చింది. కాకినాడ వైపు ఆవిడ. కూతురికి చర్చిలో పెళ్లి, మీగడరంగు కోసా కావాలంది. చీర నిమిరి, “అసలైనదేనామ్మా? చర్చిలో అందరి కళ్లూ దీనిమీదే ఉంటాయి” అంది.

“శుద్ధ కోసా, మేడమ్!” అన్నాడు సేఠ్, ఆవిడ చీర నిమరడం చూసి అక్కడినుంచే.

ఆయనకి తెలుగు రాదు కదా అని నేను మెల్లిగా, “అసలైనదే ఆంటీ, అదే నా బాధ. ఎన్ని పురుగుల్ని బతికుండగా ఉడకబెట్టారో తెలుసా?” అన్నాను.

“అయితే ఏమైందమ్మా? మొన్న ఆదివారం మేం పీతలు ఉడకబెట్టుకున్నాం. అవీ బతికున్నవే.”

ఇక లాభం లేదని పోగు పీకాను. “కాలిస్తే వెంట్రుక కాలిన వాసనొస్తుంది, చూడండి. ఇది గుడ్డ కాదు ఆంటీ, ప్రాణం!”

పోగు అంటుకుంది. ముడుచుకుంది. కరిగి నల్లటి పూసై నా వేలిమీద కూర్చుంది. వాసనైతే వచ్చింది, పొయ్యి పక్కన మరిచిపోయిన ప్లాస్టిక్ మగ్గు వాసన.

నర్సాంటీ ముక్కు ఎగబీల్చి, “దీనికోసం చచ్చింది పురుగులు కాదే తల్లీ, బకెట్లు!” అంది.

నా ఉద్యోగం ఆ పొగతోపాటే ఫ్యానుకేసి పోతోందనుకున్నాను. సేఠ్ అంత తేలిగ్గా పడిపోయే మనిషా? “వాహ్ బేటీ! చూశారా మేడమ్, ఇలా పరీక్ష చేసి చూపించమని నేనే నేర్పాను. ఎవరో మిల్లువాడు మోసం చేశాడు!” అంటూ లోపలి బీరువాలోంచి ఇంకో చీర తెచ్చాడు. దాని పోగూ నాచేతే కాల్పించాడు. ఈసారి సాక్షాత్తూ వెంట్రుక వాసన. ఆంటీ నా తలమీద చెయ్యి పెట్టి దీవించి, దాన్ని కొనుక్కుని వెళ్లింది.

అలా, నేను చేరకముందు ఏ పురుగునీ నొప్పించకుండా హాయిగా ప్లాస్టిక్ అమ్ముకునే దుకాణంలో, నా జీవకారుణ్యం పుణ్యమా అని అసలు పట్టు అమ్ముడుపోయింది. ఉద్యోగమా? భేషుగ్గా నిలబడింది. “రేపట్నించి మాచిస్ నీ దగ్గరే ఉంచుకో, అడిగినవాళ్లకల్లా కాల్చి చూపించు” అని అగ్గిపెట్టె నా చేతిలో పెట్టి, కుచ్చు కాలిన ఆ ప్లాస్టిక్ చీర నా మీదకి విసిరాడు, “యే తూ హీ పహన్ లే, నువ్వే కట్టుకో” అని.

ఇప్పటికీ నావి రబ్బరు చెప్పులే, పాలు లేని టీయే. కాకపోతే ఉపన్యాసం ఇచ్చేముందు నా మటుకు నేను ఒక పోగు కాల్చి చూసుకుంటున్నాను. అప్పటి ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం దగ్గరికి తీసుకుని ఒక మొట్టికాయ వెయ్యాలనిపిస్తుంది.

ఆనాటి సంగతికొస్తే, మర్నాడు పొద్దున్న ఆ ప్లాస్టిక్ చీరే కట్టుకున్నాను. మే నెల రాయ్‌పూర్ ఎండలో, ఆ చీర కోసం ఉడికిన ప్రాణి ఏదైనా ఉందంటే అది నేనే. వంటింట్లోంచి అమ్మ చూసి చేతిలో గరిట వదిలేసింది. “ఓలమ్మో, నా గుంటకి బుద్ధొచ్చినాది! పట్టు కట్టినాది!” కొంగు పట్టుకుని నిమిరింది, కళ్లకద్దుకుంది. “అసల్ది అసల్దేనే! ఉండు, కర్పూరం ఎలిగించి దిష్టి తీస్తాను. అగ్గిపెట్టె ఏదే?”

“ఉప్పుతో తియ్యమ్మా” అని, సంచిలో ఉన్న అగ్గిపెట్టెని ఇంకాస్త అడుగుకి తోసి, ఆవిడ ముందు కళ్లు మూసుకుని నిలబడ్డాను.