లేడీస్ సైకిలుకు అడ్డకడ్డీ

జయశ్రీ గారికి కోపం వస్తే వంటింట్లో గిన్నెలు మోగుతాయి. ఆ ఆదివారం పొద్దున అశోక్‌నగర్‌లోని రెండో అంతస్తు ఫ్లాట్‌లో గిన్నెలు ఒకటే మోత. కారణం బాల్కనీలో ఉంది. కొడుకు ఫణీంద్ర పాత దుప్పటి పరిచి, చక్రాలూ హ్యాండిలూ ఊడదీసిన ఓ సైకిల్ ఫ్రేమును బోర్లించి, రంగు ఊడగొట్టే మందు పూస్తున్నాడు. వాళ్ళ నాన్న విద్యాసాగర్ గారికి డెబ్భై నిండుతున్నాయి. ఆ పుట్టినరోజు ఫంక్షనుకల్లా సైకిలుకు నల్లరంగు కొట్టి, తళతళలాడించి, చుట్టాలందరి ముందు నాన్నకు అప్పజెప్పాలని అబ్బాయిగారి సరదా.

'నాన్న సైకిల్' అంటాడు వాడు. ఇంట్లో పనిచేసే బుగ్గమ్మ కూడా 'అయ్య సైకిల్' అనే అంటుంది. ఆ మాట వినబడ్డప్పుడల్లా జయశ్రీ గారికి ఒళ్ళు మండుతుంది.

ఎందుకు మండదూ? ఆ సైకిలు ఆవిడది. పెళ్ళికి ముందు నారాయణగూడలో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా చేరి, జీతంలో దాచుకుని కొనుక్కున్న నీలంరంగు లేడీస్ సైకిలు. చీర కట్టుకున్నా ఎక్కేందుకు వీలుగా ముందు గొట్టాలు కిందికి వాలి ఉండేవి. గాంధీనగర్‌లో పుట్టింటి నుంచి చిక్కడపల్లి మార్కెట్ మీదుగా ఆవిడ బెల్లు కొట్టుకుంటూ వస్తుంటే, కూరగాయలవాళ్ళు "టీచరమ్మ వస్తున్నది, జర జరుగుండ్రి" అని బుట్టలు వెనక్కి లాక్కునేవారు. అంత దర్జా!

పెళ్ళయింది. అత్తగారిల్లు చిక్కడపల్లి. "మా ఇంటి కోడలు సైకిల్ తొక్కుతదా? నలుగురు నవ్వరా?" అంది అత్తగారు. సరే, ఆవిడ పాతకాలం మనిషి. మరి ఈయనగారికేమైంది? నెల తిరక్కుండానే ఆ సైకిలెక్కి ఆఫీసుకు బయల్దేరాడు. ఊరికే పడుంటే తుప్పు పడుతుందట! ఆఫీసులో తోటివాళ్ళు "ఏంది విద్యాసాగర్, లేడీస్ సైకిల్ మీదొచ్చినవ్?" అని పకపకా నవ్వారు. ఆయనకు తల కొట్టేసినట్టయింది. పోనీ, సైకిలు వదిలేసి బస్సెక్కచ్చు కదా? అబ్బే! వెల్డింగ్ షాపుకు తోలుకుపోయి, సీటు కింది నుంచి హ్యాండిలు దాకా ఇనుప గొట్టం ఒకటి అడ్డంగా అతికించి, మొత్తం నల్లరంగు కొట్టించి, మగవాళ్ళ సైకిలు చేసి మరీ ఇంటికి తెచ్చాడు. చీర కట్టుకున్న మనిషి ఆ కడ్డీ మీదుగా కాలు ఎట్లా వేస్తుంది?

ఒకసారి అడిగింది కూడా. "ఆ డండా తీయించుండ్రి, ఆదివారాలన్నా తొక్కుకుంట" అని. "పిచ్చిదానా, అది తీస్తే ఫ్రేము విరిగిపోతది" అన్నాడాయన. బళ్ళో పిల్లలు లెక్క ఒప్పజెబితే, "ఎందుకో చెప్పు, ఊరికే నమ్మను" అని చెవులు మెలేసే టీచరు ఇంట్లో మాత్రం ఆ ఒక్క మాటను మారు మాట్లాడకుండా నమ్మేసింది.

ఆవిడ ఎండలోనూ వానలోనూ గొడుగేసుకుని నారాయణగూడకు నడిచింది. ఒక్కోసారి వెనకనుంచి బెల్లు వినబడేది. ఆయనే. ముచ్చటగా బెల్లు కొట్టి, చెయ్యి ఊపి, ఆవిడ సైకిలు మీద ఆవిడనే దాటుకుని పోయేవాడు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అన్నారా! తర్వాత ఆయన స్కూటరు కొన్నాడు, సైకిలు మెట్లకిందికి చేరింది. ఆవిడ నడక మాత్రం రిటైరయ్యేదాకా తప్పలేదు.

"అమ్మా, జర ఇటు రా!" ఫణీంద్ర బాల్కనీలోంచి కేకేశాడు. "నల్లరంగు కింద నీలం రంగున్నది చూడు. ఈ డండా ఒరిజినల్ కాదే. ఎవడో వెల్డింగ్ పెట్టి మంచి లేడీస్ సైకిల్‌ను ఖరాబ్ చేసిండు."

జయశ్రీ గారు చేతిలో గరిటెతోనే వచ్చింది. "అది తీసేస్తే ఫ్రేము విరిగిపోదా?"

"ఎందుకు విరుగుతది? బరువంతా కింది గొట్టాలే మోస్తయి. ఇది ఉత్త షో."

"ఉత్త షోనా?"

"ఉత్త షో. నువ్వేం పరేషాన్ గాకు. అతుకుల మీద పుట్టీ పెట్టి కప్పేస్త. నాన్నకు తెల్వనే తెల్వది."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకు. "మీ నాన్నకు తెల్వకపోవుడేందిరా? అతికించిందే ఆయన! ఇది నా సైకిల్. నా జీతంతోని కొనుక్కున్న. దీని మీదికెళ్ళి నన్ను దింపి, నాకు ఇన్నేండ్లు అబద్ధం చెప్పిండు. ఇప్పుడు నువ్వు పుట్టీ పెట్టి కప్పుతవా?"

వాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పాపం, వాడికెవరు చెప్పారు గనక!

"ఇనుము కోసే బ్లేడు ఉన్నదా?" అంది.

"అమ్మా, ఫంక్షన్ దగ్గరికొచ్చింది..."

"ఉన్నదా, లేదా?"

ఇచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు? ఫ్రేమును గోడకు ఆనించి గట్టిగా పట్టుకున్నాడు కూడా. ఆవిడ కొంగు నడుముకు దోపి, సీటు వైపు అతుకు మీద బ్లేడు పెట్టి లాగడం మొదలుపెట్టింది. ఇనుము కీచుమంది. చెయ్యి నొప్పెట్టింది, చెమటలు కారాయి, ఆపలేదు. "నేను కోస్తనే" అని కొడుకు చెయ్యి చాపితే కసిరి కొట్టింది. ఒకవైపు తెగి, రెండోవైపు సగానికి వచ్చేసరికి, ఆ చప్పుడుకు విద్యాసాగర్ గారు పేపరు పట్టుకుని బాల్కనీలోకి వచ్చారు.

"ఏందిది జయా! నా సైకిల్‌ను కోస్తున్నవేంది?"

"ఎవరి సైకిల్?" ఆవిడ తలెత్తలేదు. "తీస్తే విరిగిపోతదన్నరు గదా. విరుగుతదేమో చూస్తున్న."

"గా వెల్డింగ్‌ ఆయన గట్లనే అన్నడు."

"ఆయన అన్నడా, మీరు అన్నరా?"

విద్యాసాగర్ గారు కొడుకు వైపు చూశారు. కొడుకు ఫ్రేము వైపు చూశాడు. పెద్దాయన గొంతు సవరించుకుని, బుజ్జగిస్తున్నట్టు అన్నారు. "నీకు ఇంత బాధ ఉన్నదని నాకేం ఎరుక? గట్టిగ అడిగితే ఇయ్యనంటినా?"

అదిగో, ఆ మాటకు ఆవిడ చెయ్యి ఆగింది. తలెత్తి చూసింది. "నా సైకిల్‌ను నేను మిమ్మల్ని అడుక్కోవాల్నా?"

ఆవిడ మళ్ళీ బ్లేడు లాగింది. నాలుగు లాగులకు కడ్డీ ఊడి ఠంగున కిందపడింది. ఫ్రేము చెక్కుచెదరకుండా కొడుకు చేతుల్లో నిలబడి ఉంది. ఆవిడ వంగి ఆ కడ్డీని తీసి, కొంగుతో ఇనుపరజను తుడిచి, మొగుడి చేతిలో పెట్టింది.

"ఇగో, పట్టుండ్రి. ఈ సైకిల్‌ల మీ సొమ్ము ఇదొక్కటే."