తమ్ముడి గడ్డం, నా మొక్కు

మా తమ్ముడు పోయి ఈ రోజుకు పన్నెండు రోజులు. కబురు ఫోనులో వచ్చింది. తెల్లవారి దీపం పెట్టి అప్పుడే పూజ దగ్గరనుంచి లేచాను. "వదినా" అని మరదలు ఒక్క మాట అని ఆగిపోయింది. 

వాణ్ని తలచుకుంటే ఆసుపత్రి రోజులు ముందు గుర్తుకు రావు. మూడేళ్ళ కిందటి ఒక మామూలు ఉదయం వస్తుంది. చంద్రగిరిలో వాళ్ళింటికి వెళ్ళాను. పెరట్లో కొళాయి పక్కన గోడ మేకుకు చిన్న అద్దం తగిలించి గడ్డం గీసుకుంటున్నాడు. వంటింట్లో మరదలు దోసెలు పోస్తోంది. రేణిగుంట విమానాశ్రయంలో ప్రయాణికుల సామాన్లు చూసే ఉద్యోగం వాడిది. రోజూ నున్నగా గీసుకుని పోవాలి. వాడివేమో ఉంగరాల వెంట్రుకలు. గీసిన మర్నాటికి బయటికి రాకుండా చర్మంలోకే తిరిగి మొలిచేవి. మెడంతా ఎర్రటి పొక్కులు. ఏ చొక్కా కాలరు చూసినా నెత్తుటి చుక్కలు.

"ఎన్ని బ్లేళ్ళున్నాయిరా దాంట్లో?" అన్నాను.

"అయిదుక్కా. ఒకటి వదిలేసింది ఇంకోటి పట్టుకుంటాదంట."

"పట్టుకునేది నీ తోలునే గదా!" అంది మరదలు లోపలినుంచి.

వారం తర్వాత మా నాయన రేజరు తీసుకెళ్ళి ఇచ్చాను. నాయన పోయాక ఆయన వస్తువుల్లో నేను అడిగి తీసుకున్నది అదొక్కటే. బరువైన ఉక్కు రేజరు. పిడి తిప్పితే తల ఊడి వస్తుంది, మధ్యలో ఒక్క బ్లేడు పెట్టి బిగించాలి. మొదటిరోజే మూడుచోట్ల కోసుకుని ఫోను చేశాడు.

"అక్కా, నన్ను సంపడానికే తెస్తివా దీన్ని?"

నాయన పోయేనాటికి వాడు మరీ చిన్నవాడు. ఆయన గీసుకుంటుంటే పక్కన చెంబు పట్టుకుని నిలబడింది నేనే. కాబట్టి నేనే చెప్పాను. ముందు వేడినీళ్ళ గుడ్డ అద్దుకో, కుంచెతో నురగ బాగా పట్టించు, వెంట్రుక ఎటు వాలితే అటే గీయి, నొక్కొద్దు.

నెల తిరిగేసరికి మెడ నున్నబడింది. ఇంటికి ఎవరొచ్చినా గడ్డం పైకెత్తి "ముట్టుకోని సూడు" అనేవాడు. "ఈ వయసులో పెండ్లిచూపులకు తయారవతాండాడు" అని మరదలు దెప్పేది. నేను చెప్పిన ముక్కనే తనదిగా చేసుకుని తోటి ఉద్యోగులకు పాఠం చెప్పేవాడట. "నొక్కితే కోస్తాదప్పా. దాని బరువు దానికే వదిలెయ్. మనం ఊరికే దారి సూపించాల, అంతే."

గీసుకున్నాక చల్లని నీళ్ళతో అరచేతులు తడుపుకుని మెడకు ఆనించి కాసేపు కళ్ళు మూసుకునేవాడు. "నీకు జపమాల, నాకు ఇదక్కా" అని నన్ను ఆటపట్టించేవాడు.

పోయినేడు ఆఖర్లో కాలేయం చెడిందన్నారు. ఆ సాయంత్రమే అలిపిరి దగ్గర నిలబడి మొక్కుకున్నాను. వాడు లేచి తిరిగితే కొండకు తీసుకొచ్చి తలనీలాలు ఇప్పిస్తాను, అంతవరకు వాడి జుట్టుకు, గడ్డానికి కత్తి తగలదు అని. జబ్బు పడినవాళ్ళ తరఫున ఇంటి పెద్దవాళ్ళు అలా మొక్కడం మాలో మామూలే. వాడికి తర్వాత చెప్పాను.

"మొక్కేది నువ్వు, పెంచేది నేనా? నీ జుట్టు మొక్కుకోకూడదా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

కాలేయం చెడితే ఒళ్ళంతా దురద పెడుతుందని డాక్టరు చెప్పారు. అయిదు నెలల గడ్డం కింద వాడు గీరుకోని క్షణం లేదు. కొబ్బరినూనె రాశాను, వేపాకు నీళ్ళతో తుడిచాను. పొక్కులు మళ్ళీ వచ్చాయి. చివరి వారంలో ఒక ఉదయం, వాళ్ళింట్లో మంచం మీదినుంచే నా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, గీసెయ్. మెడ వరకే. స్వామికి మిగిలింది సాలదా?"

రేజరు ఎదురుగా కిటికీలోనే ఉంది. నాకు ధైర్యం చాలలేదు. "మొక్కు తప్పి నీకేమన్నా అయితే నేనేం చేసేదిరా? ఇంకొన్నాళ్ళు ఓర్చుకో నాయనా" అన్నాను.

వాడు నా చెయ్యి వదిలేశాడు. మెల్లగా, "నొక్కతాండావక్కా" అన్నాడు.

ఆ సాయంత్రం నేను మా ఇంటికి వచ్చేశాను. మూడోరోజు పోయాడు.

స్నానం చేయించే ముందు గీయించాలని మా చిన్నాయన అన్నాడు. పిలిపించిన మంగలి తన కత్తి తీయబోతే మరదలు లోపలికి వెళ్ళి నాయన రేజరు తెచ్చింది. "ఇది నాకు అలవాటు లేదు తల్లీ" అన్నాడాయన. "నొక్కొద్దప్పా. దాని బరువు దానికే వదిలెయ్" అన్నాను. ఆయన అలాగే చేశాడు. గడ్డం పోయాక మెడంతా గోళ్ళ గీతలు. చేతులు తడుపుకుని వాడి మెడకు ఆనించాను. ఎంతసేపు ఉంచాలో తెలియలేదు.

స్వామి మీద నాకు కోపం లేదు. ఆయన అడగలేదు, మొక్కింది నేను. ఇప్పటికీ దీపం పెడుతున్నాను. పెట్టి ఏమడగాలో తోచడం లేదు.

మగవాళ్ళు శ్మశానంలో అన్నీ ముగించి వచ్చాక ఆ సాయంత్రం అందరం వసారాలో కూర్చున్నాం. మాట చిన్నాయనే ఎత్తాడు. "ఈ ఇంటోళ్ళు ఏడాదిదాకా కొండెక్కకూడదు. నువ్వు వేరే ఇంటిదానివి, మైల తీరినాక పోవచ్చు. మొక్కు నీది. నీ జుట్టే ఇచ్చేసి రామ్మా."

"ఆయన పోయినాక ఇంక ఇచ్చేదేముండాది మామా?" అంది మరదలు.

"బాగైనాడని కాదమ్మా. మొక్కు మిగిలిపోకూడదని."

అందరూ సరేనన్నారు. నేనూ తలూపాను. రేజరు నాయనది కాబట్టి నా దగ్గరే ఉండాలని కూడా అప్పుడే అనుకున్నారు. మరదలు దాన్ని వాడి తువాలులో చుట్టి నా చేతిలో పెట్టింది. విప్పి చూశాను. బ్లేడు అంచున ఎండిన నురగ, అందులో ఉంగరాలు తిరిగిన వెంట్రుకలు రెండు. కడగకుండానే మళ్ళీ తువాలులో చుట్టాను.