ఎంగిలి మాటలు

మా నెల్లూరు కోర్టులో అందరూ ఒరియా అక్క అని పిలిచే మనిషి ఉండేది. ముత్తుకూరు వైపు పోర్టు పనులకొచ్చిన ఒరియా కూలీలు కేసుల్లో ఇరుక్కుంటే, వాళ్ల మాటను జడ్జిగారికి తెలుగులో చెప్పేది. నేను పక్కన కూర్చుని టైపు చేసేవాణ్ణి.

దుబాసీ పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాక ఆమె ‘అతను ఇలా అంటున్నాడు’ అనడం మానేసింది. చెప్పేవాడే తానై ‘నేను’ అనే చెప్పాలి, ఒక్క ముక్క కలపకూడదు. అదీ పద్ధతి. పనయ్యాక మాత్రం వరండాలో కుళాయి దగ్గర నోరు పుక్కిలించి ఉమ్మేది.

“అన్నీ ఒకరి ఎంగిలి మాటలే గదా అబ్బయ్యా,” అనేది.

ఒకరోజు ఒక కూలీ నేరం ఒప్పుకున్నాడు. “నేనే ఆ పిల్ల గొంతు పిసికి చంపినాను,” అంది అక్క, తడబడకుండా. ఆ పిల్ల తల్లి చేపలమ్ముకునే మనిషి, ఒరియా రాదు. ఆమె వాడివైపు చూడనే లేదు. అక్కనే చూసింది.

తర్వాత కుళాయి దగ్గరికొచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. అడగాల్సినవాణ్ణి పోలీసులు అప్పటికే బండెక్కించేశారు మరి.

“అమ్మా, నా బిడ్డ ఆఖర్న నన్ను పిలిచిందా?”

ఆ సంగతి వాడు చెప్పలేదు. అక్క నోటినిండా నీళ్లున్నాయి. ఆరోజు వాటిని ఉమ్మలేదు. ఆ తల్లి ముఖం చూస్తూ మింగేసింది.