నెమ్మదిగా తిరిగిన పాట

పాత రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించే పెద్దాయన ముల్లు దించేటప్పుడు ఊపిరి బిగబడతాడు. అది గాడిలో పడ్డాకే కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కళ్లు మూసుకుని పాటంతా వింటాడు. ఆ రోజు ఒకావిడ, తన తల్లి పాడిన రికార్డును ఆయన ఎక్కించి ఇస్తే, విని తల అడ్డంగా ఊపింది.

"ఇది మా అమ్మ గొంతు కాదండీ. ఇంత సన్నగా ఉండదు."

"రికార్డు మీరు తెచ్చిందేనమ్మా!"

"నేను పొత్తిళ్లలో ఉండగానే అమ్మ పోయింది. మా ఇంట్లో పాత ప్లేయర్‌లో విన్న గొంతే నాకు అమ్మండీ."

ఆ ప్లేయర్ నీరసంగా తిరిగేదేమోనని తట్టి, ఆయన తిరుగుతున్న రికార్డు అంచుకు వేలు ఆనించాడు. పాట నెమ్మదించి, అందులోని గొంతు బరువెక్కింది.

"ఇదే! ఇదే అమ్మ!" ఆవిడ కళ్లు తుడుచుకుంది.

అలాగే ఎక్కించి ఇచ్చాడు. ఆవిడ వెళ్లాక తెరమీద రెండు ఫైళ్లు మిగిలాయి. 'అసలుది' అని దేనికి పేరు పెట్టాలో పాలుపోక, పెద్దాయన తన వేలి వంకే చూస్తూ కూర్చుండిపోయాడు.