ఐత్వంతో చంపిన మనిషి

నా చేతుల మీదుగా ఒక మనిషి పోయాడు. కత్తితోనో విషంతోనో అయితే కాస్త గౌరవంగా చెప్పుకునేవాణ్ని. నేను వాడింది ఐత్వం.

రెండువేల దశకంలో గవర్నర్‌పేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి, రోగుల పేర్లు తెలుగులో వెతికే ప్రోగ్రాం రాసిచ్చాను. కంప్యూటరు అక్షరాలను దాచుకునే పద్ధతి యూనికోడ్‌లో మన ఐత్వానికి ఒక తిరకాసుంది. కంప్యూటరు దాన్ని ఒకే గుర్తుగా దాచుకోవచ్చు, పైనొకటి కిందొకటి రెండు ముక్కలుగానూ దాచుకోవచ్చు. తెర మీద రెండూ కవలపిల్లలే. కంప్యూటరుకు మాత్రం ముక్కూమొహం తెలియని పరాయివాళ్లు. ఆ రెంటినీ ఒకటి చెయ్యడాన్ని నార్మలైజేషన్ అంటారు. నేను వాడిన రెడీమేడ్ కోడ్ లైబ్రరీలో అందుకు ఒక్క లైను చాలు. వెతకడం నెమ్మదిస్తోందని ఆ లైను పీకేశాను. వేగం చూసి మేనేజరు గారు మెచ్చుకుంటే పెళ్లికొడుకులా సిగ్గుపడ్డాను కూడా.

ఒకరోజు మైలవరం రోడ్డులో బస్సు బోల్తాపడింది. దెబ్బలు తగిలినవాళ్లను కొందరిని మా దగ్గరికి, మిగతావాళ్లను పెద్దాసుపత్రికి తెచ్చారు. మస్తాన్‌బీ అనే ఆవిడ మరిదిని వెంటబెట్టుకొచ్చి, భర్త సైదావలి ఇక్కడున్నాడేమో చూడమంది. రిసెప్షన్ అమ్మాయి భోజనానికి వెళ్లింది. ప్రోగ్రాం పనిమీద అక్కడే ఉన్న నేనే ఠీవిగా నా ల్యాప్‌టాప్ తెరిచి పేరు కొట్టాను. లేరు. ఊరు మైలవరమంటే అదీ కొట్టాను. లేరు.

"సరిగ్గా చూడు బాబూ. పొద్దున ఆ బస్సే ఎక్కాడు," అందావిడ.

"కంప్యూటర్ తప్పు చెప్పదమ్మా," అన్నాను.

అంతటితో ఊరుకున్నానా? జాలిపడి, ఆటో మాట్లాడి, వాళ్లను దగ్గరుండి పెద్దాసుపత్రి మార్చురీకి తీసుకెళ్లాను. అక్కడ ఒక శవం మొహం పోల్చుకునేలా లేదు. ఎత్తు సరిపోయింది, చొక్కా రంగు సరిపోయింది. మిగతా అనుమానాన్ని నా "లేరు" తీర్చేసింది. మస్తాన్‌బీ ఏడవలేదు. పాదాలకు చలేస్తుందేమో అన్నట్టు గుడ్డ కిందికి సర్ది, పక్కన కూర్చుంది. మరిది ఊరికి ఫోన్ చేసి ఏర్పాట్లు చూడమన్నాడు.

శవాన్ని అప్పగించే కాగితాలు రాస్తుండగా ఆ మరిది ఫోనే మోగింది. విని, నా చేతికిచ్చాడు. ఎవరని అడిగాను.

"సైదావలినండీ. గవర్నర్‌పేట ఆసుపత్రిలో మూడో అంతస్తులో ఉన్నా, కాలిరిగింది. నర్సమ్మ ఫోనడిగి ఇంటికి చేస్తే, నాకు గొయ్యి తవ్వుతున్నారంట. నేను పోయానని ఎవరు చెప్పారండీ?"

మేం బయటికొస్తుంటే, అదే రంగు చొక్కా వేసుకున్న భర్తను వెతుక్కుంటూ ఒకావిడ లోపలికి వెళ్తోంది. ఆవిడ వైపు చూడలేకపోయాను.

వెనక్కొచ్చి చూద్దును కదా, రిసెప్షన్ అమ్మాయి కీబోర్డు ఐత్వాన్ని రెండు ముక్కలుగా రాస్తోంది, నాది ఒకే గుర్తుగా. 'సైదావలి'లోనూ అదే, 'మైలవరం'లోనూ అదే.

మస్తాన్‌బీ తన భర్త పాదాల మీద దుప్పటి సర్దింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఈయన ఉన్నాడు బాబూ. నీ కంప్యూటర్లో కూడా ఉండేట్టు చూడు."

చూశాను. అచ్చులూ హల్లులూ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఐత్వం ముక్కలు కలపకుండా ఇక ఏ మనిషినీ లేడనను. కలిపాక కూడా, మెట్లెక్కి వార్డువార్డునా పేరు పెట్టి పిలిచొచ్చాకే అంటాను.